ఎవరి మూట వాళ్లు మోయకూడదు

నా చిన్నప్పుడు శివరాత్రి దగ్గర పడుతోందంటే మా వెలిమెల నుంచి ఒక గుంపు ఆడవాళ్లు ఝరాసంగం జాతరకు కాలినడకన బయలుదేరేవారు. ఆ గుంపుకు పెద్ద మా నాయనమ్మ. ఆ పెద్దరికం ఎవరో ఇచ్చింది కాదు, ఆవిడే తీసుకుంది. నాకు తొమ్మిదేళ్లప్పుడు నన్నూ వెంట తీసుకెళ్లింది. ప్రేమకొద్దీ కాదు, ఇంట్లో గోల కాస్త తగ్గుతుందని. నలుగురు ఆడపిల్లల్లో నేను ఆఖరిదాన్ని. నేనేదైనా చెప్పబోతే ముగ్గురక్కల్లో ఎవరో ఒకరు అందుకుని పూర్తి చేసేసేవారు.

నాయనమ్మ గుంపుకు ఒక కట్టుబాటు ఉండేది. దారిలో ఎవరి మూట వాళ్లు మోయకూడదు. బయలుదేరే ముందు మూటలన్నీ ఒకచోట పెట్టించి, ఒకరిది ఒకరికి అంటగట్టేది. ఎందుకని అడిగితే, "నీ రొట్టె నీ నెత్తి మీదుంటే జల్దీ జల్దీ ముందటికి వోతవ్. ఇంకొకల నెత్తి మీదుంటే ఎనకకు సూస్కుంట నడుస్తవ్" అనేది. ఆ మాట నిజమే. అన్నం వేళయ్యేసరికి మా గుంపులో ఒక్కరూ విడిగా కనపడేవారు కాదు.

ఆ ఏడు బీరంగూడలో ఒక కొత్త మనిషి మాతో కలిసింది. కోస్తా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి క్వార్టర్స్‌లో ఉండేవాళ్ల కోడలు. నాకు ఆమె క్వార్టర్స్ అక్క. నాయనమ్మ ఆమె మూట నాకూ, నా మూట ఆమెకూ ఇచ్చింది. నా మూటలో రెండు గౌన్లు, జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం. ఆమె మూటలో చీరల మధ్య చిన్న ఆవకాయ జాడీ. దేవుడి దగ్గరికి నడిచేవాళ్లు జాడీ వెంటపెట్టుకోవడం మా గుంపు అంతకు ముందు ఎరగదు. నాయనమ్మ దాన్ని చూసి మూతి తిప్పింది గానీ, మధ్యాహ్నం రొట్టెలోకి రెండుసార్లు అడిగి వేయించుకుంది.

అక్కకు చెప్పుల్లేకుండా నడిచిన అలవాటు లేదు. బొంబాయి రోడ్డు తారు కాళ్లు కాలుస్తుంటే, అంచున మట్టి మీద ఎలా నడవాలో నేనే నేర్పాను. పెద్దవాళ్లకు నేను నేర్పిన మొదటి విద్య అదే కాబట్టి కాస్త గర్వంగానే నేర్పాను. ఆమె నన్ను బోలెడన్ని ప్రశ్నలు వేసేది. వేసి, నేను చెప్పడం పూర్తయ్యేదాకా ఆగేది. మా ఇంట్లో ఎరగని మర్యాద అది. కంది ఊరు దాటేసరికి నాకు తెలిసిన సంగతులన్నీ అయిపోయాయి. ఆ తర్వాత కల్పించి చెప్పాను, వాటినీ విన్నది.

సదాశివపేటలో, అరుగు మీద కాళ్లకు నూనె రాసుకుంటూ అక్క ఒక మాట చెప్పింది.

"మా ఆయనకి బదిలీ అయిందమ్మా. సామాను లారీలో వెళ్లిపోయింది. ఆయన ఝరాసంగం వచ్చేస్తారు, మొక్కు తీర్చుకుని అటునుంచి అటే బస్సెక్కేస్తాం."

"మళ్ల బీరంగూడకు రావా?"

"రానమ్మా."

మర్నాటి నుంచి నా నడక నెమ్మదించింది. గుడి రాకుండా ఉండాలంటే నడవకపోవడమే మార్గమని నా లెక్క. నెమ్మదిగా నడిచినంత మాత్రాన దేవుడు గుడితో సహా వెనక్కి జరగడు కదా, ఊరు రానే వచ్చింది. అప్పుడు రెండో ఆలోచన తట్టింది. అక్క మూట నా దగ్గరుంది. నేనివ్వకపోతే ఎలా పోతుంది?

గుండంలో స్నానాలై, దర్శనమయ్యాక, ఎవరి మూట వాళ్లకు తిరిగి ఇచ్చేశారు. నేను మాత్రం అక్క మూటను కావలించుకుని కూర్చున్నాను. వాళ్లాయన వచ్చి పేలాల ఉండ చూపించి బతిమాలాడు. ఉండ తీసుకున్నాను, మూట ఇవ్వలేదు. జాతర మైదానంలో బస్సు హారన్ కొడుతోంది. అక్క నా మూట పట్టుకుని ఊరికే నిలబడింది, ఇమ్మని ఒక్కసారి కూడా అడగలేదు. నాయనమ్మ రావడం చూసి, ఇక వీపు పగిలిందే అనుకున్నాను.

"ఇయ్యకు" అంది నాయనమ్మ. "బస్సు దాంక నువ్వే మొయ్యి. గింత దూరం మోసినవ్, ఆఖరి నాలుగడుగులు ఇంకొకలు మోస్తే నీకేం దక్కుతది?"

లేచి నడిచాను. పక్కన అక్క, ఆమె చేతిలో నా మూట. నన్నెవరూ తొందర పెట్టలేదు. నాయనమ్మ మాకంటే ముందు వెళ్లి కండక్టరును పట్టుకుంది. తను ఎక్కని బస్సు ఏయే ఊళ్లలో ఆగుతుందో ఒక్కొక్కటే చెప్పించుకుంటూ, వినపడలేదని మళ్లీ మొదటినుంచి చెప్పించుకుంది. ఆవిడ చెవులు దివ్యంగా పనిచేస్తాయని నాకు తెలుసు.

అక్క మెట్టెక్కాక మూట అందించాను. నాది నాకిచ్చింది. "జాడీకి చిన్న గీత కూడా పడనివ్వలేదు తల్లీ నువ్వు" అంటూ ఏడ్చింది. నేను నోరు తెరిచానో లేదో, నాయనమ్మ నా మూట లాక్కుని, కందిలో మాతో కలిసిన ముసలమ్మ మూట తెచ్చి నా నెత్తిన పెట్టింది. గుంపులో గురక పెట్టేదీ, అందరినీ కసిరేదీ ఆ ముసలమ్మే.

"చేతులు ఖాళీగుంటే ఏడుపే పనైతది. గట్టిగ పట్టుకో."

రెండు చేతులూ మూటకే సరిపోయాయి. అక్క కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది, నాకు ఊపడానికి చెయ్యి లేదు. నాయనమ్మది రాతి గుండె అనుకున్నాను. తిరుగు దారిలో ఆవిడతో మాట్లాడలేదు. మాట్లాడ్డానికి కంది ముసలమ్మే మిగిలింది. ఆమె కసురు వెనక బోలెడు కథలున్నాయని మెల్లగా తెలిసింది. కందిలో ఆమె మా నుంచి విడిపోతుంటే మళ్లీ ఏడ్చాను. "గీమెకు గూడనా?" అంది నాయనమ్మ, ఈసారి నవ్వుతూ.

క్వార్టర్స్ అక్కను మళ్లీ చూడలేదు. వెలిమెలలో మా చేను ఉన్నచోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. ఒకదాంట్లో నేనూ ఉంటాను. ఇక్కడ మనుషులు వచ్చినంత త్వరగా ఖాళీ చేసి పోతుంటారు. మిగతావాళ్లు లిఫ్ట్ దగ్గరే వీడ్కోలు చెప్పేస్తారు. నేను మాత్రం పోయేవాళ్ల సంచి ఒకటి లాక్కుని కారు దాకా మోస్తాను. మోకాళ్లు అరిగాయని మా కోడలు కోప్పడుతుంది.

మొన్న ఎదురింటి అమ్మాయి ఊరు మారింది. రోజూ పొద్దున నా దగ్గర కూర్చుని, నా మాట పూర్తయ్యేదాకా టీ చల్లారబెట్టుకునే పిల్ల. "బరువు ఆంటీ, ఇవ్వండి" అన్నా వినకుండా సంచి కారులో నేనే పెట్టాను. కారు కదిలింది. ఈసారి రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి, తనివితీరా ఊపాను. కారు మలుపు తిరిగాక ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. ఇంకో మూట తెచ్చి నెత్తిన పెట్టడానికి నాయనమ్మ లేదు. గేటు దగ్గరే నిలబడి ఏడ్చాను.