శాంతకుమారి కొలిచిన బావులు

పుంగనూరు పక్క పల్లెలో గంగులప్ప అనే రైతు కూతురు శాంతకుమారి. మదనపల్లె కాలేజీలో బీయెస్సీ చదివే రోజుల్లో, సెలవులకు ఇంటికొచ్చిన ప్రతిసారీ వాళ్ళ బావిలో ఇంకో మెట్టు బయటపడి ఉండేది.

"యాల నాయినా ఇట్లయితాండాది?" అని అడిగితే గంగులప్ప, "వానల్లేవు గదమ్మా" అనేవాడు. కానీ వానలు బాగా కురిసిన ఏడు కూడా నీళ్ళు పైకి రాలేదు. ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు.

1978లో తిరుపతిలో, యూనివర్సిటీలో వృక్షశాస్త్రం పరిశోధనకు చేరింది. పుంగనూరు నుంచి కుప్పం దాకా బావులెందుకు ఎండుతున్నాయో తేలుస్తానంది. గైడు రామమూర్తి గారు మంచాయనే. "బావులతో మనకేం పనమ్మా? అది జియాలజీ వాళ్ళది" అన్నారు. ఆ జియాలజీ వాళ్ళు రాళ్ళ సంగతి చెబుతాం గానీ గుట్టల మీద చెట్లు కొట్టేసిన సంగతి మాకెందుకన్నారు. రైతులు చెనిక్కాయ (వేరుశెనగ) మాని పట్టుపురుగుల మేతకు మల్బరీ ఎందుకు వేస్తున్నారో అడగబోతే, సైన్సు అమ్మాయికి ఇక్కడేం పని అని ఎకనామిక్స్ వాళ్ళు నవ్వారు. చివరికి మూడు చోట్ల నుంచీ పుస్తకాలు తెచ్చుకుని తనే చదువుకుంది.

నాలుగేళ్ళపాటు, తాడుకు రాయి కట్టి నూట పన్నెండు బావులు కొలిచింది. కుప్పం దగ్గరి ఓ పల్లెలో ఆదెమ్మ అనే రైతు ఆమెకు చాలా నేర్పింది. మొగుడు పోయాక రెండెకరాలు ఒంటిచేత్తో సాగుచేసుకుంటున్న మనిషి. బావి గట్టున కూర్చుని చూపించేది.

"మా యత్త కాపరానికొచ్చినప్పుడు నీళ్ళు ఈ రాతికాడ ఉండెనంట. నా పెద్దబిడ్డ పుట్టినప్పుడు, ఆడ సూడు, ఆ పగులుకాడికి దిగె."

శాంతకుమారి ఆ గుర్తులన్నీ కొలిచి ఏళ్ళ వారీగా రాసుకుంది. యాభై ఏళ్ళ సంగతి. ఏ డిపార్ట్‌మెంటులోనూ దొరకనిది.

1982లో ఆ ఊరికి బోరుబండి వచ్చింది. పాల సొసైటీ ముందర రైతులంతా చేరినప్పుడు శాంతకుమారి లేచి చెప్పింది.

"అప్పా, గుట్టల మింద చెట్లు పోయినాయి. భూమిలోకి దిగే నీళ్ళే తక్కువ. ఇట్ల బోర్లేసి తోడితే ఐదారేండ్లకు అన్నీ ఎండతాయి."

నారాయణస్వామి అనే రైతు ఓపిగ్గా విన్నాడు. "నువ్వు సెప్పేది నిజమే అయ్యుండొచ్చమ్మా. బోరు ఎయ్యకుంటే నా మల్బరీ ఈ నెలలోనే ఎండుతాది. ఈ నెల ఎట్ల గడవల్లో సెప్పు, వింటా."

శాంతకుమారి కూర్చుండిపోయింది. వారానికి ఆయన బోరులో నీళ్ళు పడ్డాయి. రెండు నెలలకు ఆదెమ్మ బావి అడుగంటింది.

మరుసటేడు థీసిస్ వెనక్కొచ్చింది. ఇందులో వృక్షశాస్త్రం ఏదని పరీక్షకుడు రాశాడు. రామమూర్తి గారు తల పట్టుకున్నారు.

"మార్చిలో నేను రిటైరవుతున్నానమ్మా. తర్వాత నిన్ను ఎవరూ తీసుకోరు. బావులు, మనుషులు తీసెయ్. గుట్టల మీది గడ్డిజాతులు మాత్రం ఉంచు."

తీసేసింది. మూడు వందల పేజీలు తొంభై అయ్యాయి. ఆ తొంభై పేజీలకు డాక్టరేట్ ఇచ్చారు.

కుప్పంలో జూనియర్ కాలేజీలో ఉద్యోగం దొరికాక ఆదెమ్మను చూడబోయింది. ఆమె నారాయణస్వామి తోటలో కూలికి మల్బరీ ఆకు కోస్తోంది.

"పెద్ద సదువు అయిపాయెనంట గదా తల్లీ! నా బావి ఉండాదా పుస్తకంలో?"

"ఉండాదమ్మా" అంది శాంతకుమారి.

ఆదెమ్మ మొహం విప్పారింది. పక్క సాళ్ళలోని ఆడవాళ్ళను కేకేసి, "నా బావిని తిరపతిలో రాసుకున్యారంట!" అని చెప్పింది. తిరుగు బస్సులో శాంతకుమారి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మళ్ళీ ఆ ఊరికి పోవడానికి మొహం చెల్లలేదు. ఆ ఎండాకాలమే ఆదెమ్మ ఇల్లు మూసి, కట్టడం పనులకు బెంగళూరు రైలెక్కిందని తర్వాత తెలిసింది.

1988లో యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. అన్ని శాస్త్రాలూ కలిపి పర్యావరణాన్ని చదివే కొత్త విభాగం తెరిచారట. "వెనక్కి పంపిన మీ మొదటి థీసిస్ చూశాను. మీలాంటి వారి కోసమే వెతుకుతున్నాం. ఆ బావులన్నీ మళ్ళీ కొలిచి పంపగలరా?" అని కొత్త ప్రొఫెసర్ రాశారు. పదేళ్ళ ముందు వచ్చి ఉంటే ఆ ఉత్తరం పట్టుకుని ఊరంతా తిరిగేది. అయినా వేసవి సెలవుల్లో బయలుదేరింది.

నలభై బావులు చూసింది. ముప్ఫై ఏడింటిలో చుక్క లేదు. కొన్నిటిలో కంపచెట్లు మొలిచాయి, ఒకదాన్ని పూడ్చి దాని మీద పశువుల కొట్టం వేశారు. నలభై ఒకటో బావి దారిలో ఎండలో కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి రోడ్డు మీదికొచ్చింది.

నోటు పుస్తకాలన్నీ కట్టగట్టి తిరుపతికి రిజిస్టర్డ్ పోస్టులో పంపేసింది. నెల తర్వాత జవాబొచ్చింది. "అమూల్యమైన సమాచారం. మిగతా బావులవి కూడా త్వరలో పంపండి."

స్టాఫ్ రూములో ఒకసారి చదివి, మడిచి సొరుగులో పెట్టింది. జవాబు రాయలేదు.