అన్నం ముందు ప్రార్థన

మొగల్తూరుకు ఎగువన, కాలువ గట్టు మీదున్న మాలపల్లెలో ఉపదేశి యెహెజ్కేలు మాటకు ఎదురు లేదు. కుర్రతనంలో ధవళేశ్వరం ఆనకట్టకు మట్టి మోస్తూ దేవుడి మాట విన్నాడు. ఇసుకలో వేలితో దిద్ది అక్షరాలు నేర్చాడు. పల్లెలో ఇన్ని గడపలను ప్రభువు దారికి తెచ్చింది ఆయనే. ఆ సంగతి ఆయనా మరిచిపోలేదు, ఎవరినీ మరిచిపోనివ్వలేదు.

తాటాకు గుడిలో ప్రార్థనకు ఒక పద్ధతి ఉండేది. ఆయన ఒక ముక్క అనాలి, జనం ఆ ముక్కే తిరిగి అనాలి. చదువురానివాళ్ళకు మొదట్లో అది మేలే చేసింది. పాతికేళ్ళు గడిచినా అదే సాగింది. ఆయన ముందు అనకపోతే పల్లెలో ఒక్క నోరూ లేవదు. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మను చూసి మనం నవ్వుతాం గాని, ఆ ముసలమ్మ మన యెహెజ్కేలుకు స్వయానా అక్క.

ఒకసారి పాలేరు జీవరాజు ధైర్యం చేసి, ప్రభువు ప్రార్థన తాను ముందుండి చెబుతానని లేచాడు. కంగారులో దేవుడి రాజ్యం రావాలనే మాట దాటేసి, ఆ తర్వాత రావలసిన రోజువారీ అన్నం మాటకు దూకేశాడు.

"ఏరా, రాజ్యం రాకముందే ఆకలేసిందా?" అన్నాడు యెహెజ్కేలు.

గుడంతా గొల్లుమంది. జీవరాజు తల దించుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత ఎన్నడూ లేవలేదు.

ఆ వేసవిలో నరసాపురంలో ఉపదేశుల కూటానికి యెహెజ్కేలు పడవెక్కి వెళ్ళాడు. "నీ తర్వాత ఈ పని ఎవరు చేస్తారు?" అని మిషను దొరగారు అడిగితే, "తయారవుతున్నారండి" అన్నాడు. అంత అబద్ధం గొంతులో కాస్తయినా అడ్డుపడలేదు.

తిరిగొచ్చేసరికి రేవులోనే కబురు తెలిసింది. వాంతులూ విరేచనాలూ పట్టుకుని జీవరాజు బిడ్డ పోయింది. ఎండలకు ఉంచలేక ముందురోజే పాతిపెట్టేశారు.

యెహెజ్కేలు నేరుగా జీవరాజు గుడిసెకు వెళ్ళాడు. జీవరాజు పనికి పోయాడు. భార్య సూరమ్మ చాప వేసింది.

"ప్రార్థన ఎవరు చేశారమ్మా?"

"ఎవరు చేస్తారండి? అందరం గోతి చుట్టూ నిలబడ్డాం. ఈయన్ని చెయ్యమంటే గొంతు పెగల్లేదు. మీరేమో లేరు. ఊరికే మన్నెయ్యడానికి నాకు మనసొప్పలేదండి. నా అంతట నాకు వచ్చింది అన్నం ముందు చేసేదొక్కటే. అదే చేశాను."

ఆ ప్రార్థన ఇంటింటికీ నేర్పింది యెహెజ్కేలే. 'తండ్రీ, ఈ పూట మాకు పెట్టినదానికి నీకు స్తోత్రం' అని మొదలవుతుంది. కన్నబిడ్డ గోతి దగ్గర ఆ తల్లి ఆ మాటలే అంది.

"తప్పయిందాండి?" అంది సూరమ్మ.

ఆయనకు సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. పల్లె నోళ్ళన్నిటికీ తాళం వేసి, తాళంచెవి మొలకు కట్టుకుని పడవెక్కిన మనిషి తను. పైగా దొరగారితో తయారవుతున్నారని చెప్పి వచ్చాడు! ఆమె మంచినీళ్ళు తెచ్చిస్తే తాగడానికి కూడా మొహం చెల్లక, లేచి వచ్చేశాడు.

ఆదివారం గుడి నిండింది. యెహెజ్కేలు ఎప్పటిచోట నిలబడలేదు. జనంలోకి పోయి జీవరాజు పక్కన చాప మీద కూర్చున్నాడు.

"నువ్వు ముందు అను. మేం వెనక అంటాం."

"నా వల్ల కాదండి. నవ్వుతారు."

"నవ్వించింది నేనురా." అందరికీ వినబడేలాగే అన్నాడు యెహెజ్కేలు. "నీ బిడ్డ గోతి దగ్గర నీకు మాట లేకుండా చేసింది నేనే. లే నాయనా."

జీవరాజు లేచాడు. ఒక ముక్క అన్నాడు, జనం అన్నారు. ఇంకో ముక్క అన్నాడు. మళ్ళీ అదే చోట కాలు జారింది. రాజ్యం మాట దాటిపోయి అన్నం మాట వచ్చేసింది. తెలిసి ఆగిపోయాడు. మొహం నల్లబడింది. జనం చూపంతా యెహెజ్కేలు మీదే ఉంది.

ఆయన తల ఎత్తలేదు. జీవరాజు ఏమన్నాడో అదే, అన్నది అన్నట్టే, గట్టిగా తిరిగి అన్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి సూరమ్మ గొంతు కలిసింది. ఆ వెనక పల్లె మొత్తం అంది.

జీవరాజు తర్వాతి ముక్క అందుకున్నాడు.