నలభై మూడో ప్లేటు

నా చిన్నప్పుడు నేను తప్పులు రాసే పుస్తకం ఒకటి పెట్టుకున్నాను. అందులో రాసినవి నా తప్పులు కావు, మా మామవి. మా అమ్మకు తమ్ముడైన ఆయనకు ఉరవకొండ బజారులో ఫోటో స్టూడియో ఉండేది. బడి విడిచాక నేను నేరుగా అక్కడికే పోయేదాన్ని. ఫోటో తీసిన ప్రతి గాజు ప్లేటుకూ ఒక నెంబరు వేసి, అది ఎవరి ఫోటో, ఎన్ని అంకెలు లెక్కపెట్టేవరకు కెమెరా మూత తీసి ఉంచారు, ఎలా వచ్చింది అన్నవి గళ్ళు గీసి రాసేదాన్ని. ఆ పని నాకెవరూ అప్పగించలేదు. పెద్దవాళ్ళు దేన్నీ సరిగా రాసిపెట్టుకోరన్న కోపంతో పన్నెండేళ్ళ వయసులో నేనే మొదలుపెట్టాను.

ఆ ఏడు వానల్లేవు. చెనక్కాయ చేలు పూతకు రాకముందే మాడిపోయాయి, పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి. జరిగిన ఒక్క పెళ్ళిలోనూ ఫోటో తీసే క్షణాన పెళ్ళికొడుకు తల తిప్పడంతో అది కదిలిపోయింది. మామ చేయి వణుకుతోందని బజారంతా పాకింది. ఎదురుగా టీ అంగడాయన రోజూ కేకేసేవాడు.

"ఏమప్పా, ఈ పొద్దు ఎవురికి రెండు తలకాయలు పెట్టినావు?"

"నీకు ఒకటన్నా పెడదామని సూస్తాండా అన్నా" అని మామ నవ్వేసేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

మామకు ఒక నియమం ఉండేది. కదిలిపోయిన ప్లేటు చీకటిగది దాటి బయటికి రాకూడదు. దాన్ని వేడినీళ్ళలో నానబెట్టి, పైపూతను గీకేసి, మిగిలిన గాజును ఫోటో చట్రాలకు వాడుకోవాలి. ఆ నియమం నాకు కంఠతా వచ్చు.

అప్పుడే పక్కింటి అక్క వాళ్ళ నాయన చనిపోయాడు. గొర్రెలు కాసే మనిషి. ఆయనకు ఒక్క ఫోటో కూడా లేదు. దినం జరిగిన రోజున పోయినవారి గుడ్డలను చాకలికి ఇచ్చేయడం మా వీధిలో ఆచారం. గడప దాటినవాటిని తిరిగి అడగకూడదు. అందుకే అక్క ఆ లోపలే ఆయన గొంగడి, తలగుడ్డ, కర్ర తెచ్చి, వాటినైనా ఫోటో తీయమంది. మామ వాటిని బల్లమీద పొందికగా అమర్చి తీశాడు. గొంగడి నేతలో పోగులు కూడా లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా వచ్చింది. నేను పుస్తకంలో 'బాగు' అని రాసుకున్నాను.

అక్క దాన్ని చూసి ముఖం తిప్పుకుంది. "అన్నా, అంగట్లో పెట్టిన సరుకు మాదిరి ఉండాది. మా నాయన యాడుండాడు ఇందులో?"

మామ ఆ ఫోటోను పక్కన పెట్టాడు. తర్వాత, "మీ నాయన పొద్దున్నే ఎట్ల లేస్తాండె చెల్లీ?" అని అడిగాడు.

"గొంగడి కప్పుకోనే లేస్తాండె. కర్ర ఊతం పట్టి, మెల్లగా."

దినం నాటి ఉదయం నేను బడిలో ఉండగా మామ ఇంకో ప్లేటు తీశాడు. వస్తువులను తానే తీసుకెళ్ళి అప్పగించి, కర్మ ముగిసేదాకా అక్కడే ఉండిపోయాడు. నేను వచ్చేసరికి స్టూడియోలో ఎవరూ లేరు. ఆరబెట్టిన ప్లేటును కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాను. కర్ర చెదిరిపోయి ఉంది. గొంగడి అంచులు పొగలా పైకి సాగాయి. మళ్ళీ చేయి వణికిందనుకున్నాను. ఇది టీ అంగడాయన కంటపడితే మామ పరువు ఏం కావాలి? నీళ్ళు కాచాను. పూత మొత్తం గీకేశాను. పుస్తకంలో 'నలభై మూడు, కదిలింది, తీసేశాను' అని రాసి సంతకం పెట్టాను.

మామ తిరిగి వచ్చాక ఆ రాతను నేనే గర్వంగా చూపించాను. ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

"నేనే కదిలించినా పాపా. ఆరు లెక్కబెట్టేదాకా నిలిపి, ఆపైన మూడు అంకెలు కెమెరాను సన్నంగా కిందికి తిప్పినా, బొమ్మ పైకి సాగేటట్ల. ఆయప్ప గొంగట్లోనుంచి లేస్తాండేటట్ల కనపడాలని. మన కడవను బల్లమీద పెట్టుకోని మూడు దినాలు నేర్చుకున్యా."

గొంగడి అప్పటికే గడప దాటిపోయింది.

మర్నాడు అక్క వచ్చింది. "ఏమన్నా, లేసినాడా మా నాయన?" అంది. ఆ గొంతులోని ఆశ ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"లేదు చెల్లీ. నా చేయి వణికింది."

అక్క ఆయన చేతులవైపు చూసింది. "అయితే బజార్లో అనేది నిజమేనా అన్నా" అంది. ఆ గొంతులో కోపం లేదు. మామ తల వంచుకున్నాడు. నేను తెర వెనకాల, పుస్తకం గుండెకు అదుముకుని నిలబడి ఉన్నాను. రెండడుగులు ముందుకు వేసి, ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. చెప్పలేదు.

మొదటి ఫోటోకే చట్రం కట్టి ఇచ్చాడు మామ. పైన వేసిన గాజు నేను గీకిన ప్లేటే. గీకేటప్పుడు విరిగిన దాని మూలను చూసి గుర్తుపట్టాను. అక్క ఇంటికి పోయినప్పుడల్లా ఆ గాజు వెనకాల గొంగడి మడతపెట్టినట్టే, కదలకుండా కనిపించేది. మామ చేయి వణుకుతుందన్న మాట బజారులో నిలిచిపోయింది. పెళ్ళివాళ్ళు తర్వాత వేరే చోటికి పోవడం మొదలుపెట్టారు.

ఈ సంగతి విన్నవాళ్ళు మా మామది ఎంత మంచి మనసో అంటారు. నాకు ఆ మెచ్చుకోలు వింటే కోపం వస్తుంది. ఆయన దయకు వెల ఆయనే కట్టాడు, నేను కట్టనిచ్చాను. దాన్ని ఆయన మంచితనం కింద రాసి ఊరుకోవడం నా వాటాను దాచిపెట్టడమే అవుతుంది.

మామ నన్ను తిట్టలేదు. పుస్తకంలో ఇంకొక గడి గీయమన్నాడు, అంతే. దానిపైన తన చేత్తో 'ఎవరిని అడిగినావు?' అని రాశాడు. తర్వాత ఉద్యోగంలోనూ ఇంట్లోనూ నేను ఎన్నో పుస్తకాలు రాశాను. ఆ గడి లేకుండా ఒక్క పుటకైనా గీతలు గీయలేదు. అక్కకు నిజం చెప్పాలని చాలాసార్లు బయలుదేరాను. ఆమె పోయేలోగా చెప్పలేకపోయాను.

పాత పుస్తకం నా దగ్గరే ఉంది. నలభై మూడో వరుసలో నా సంతకం చెక్కుచెదరలేదు. దాని పక్కన మామ గీయించిన గడి ఖాళీగానే ఉంది. అందులో రాయడానికి నాకు ఈనాటికీ ఒక్క పేరూ లేదు.