గుట్టలెత్తే షహజాది, వంకర కుట్టు

“ఇది ఏదో ఒక రోజు డాబా మీదికెళ్లి దుంకుతది. నా మాట గుర్తు పెట్టుకో.”

ఇస్రాయేలు భార్యతో ఆ మాట నవ్వులాటకు అనలేదు. ఏడేళ్ల కూతురు రూతు పొద్దున అన్నం తింటూ, డాబా మీద నుంచి ఎదురింటి యాపచెట్టు కొసకు ఎగురుతానని చెప్పింది. కథలో రాకుమారి, గుట్టలెత్తే షహజాది, అట్లనే ఎగిరిందట. ఇస్రాయేలు హుజూర్‌నగర్‌లో పదో తరగతికి భౌతికశాస్త్రం చెప్తాడు. పైనుంచి పడే వస్తువు ఎంత వేగంతో నేలను తాకుతుందో అతనికి నోటి లెక్క. ఆ వస్తువు తన బిడ్డ అనుకునేసరికి లెక్క ముందుకు సాగలేదు.

కథలు చెప్పి షహజాదిని పిల్లల నెత్తికెక్కించింది పక్కింటి గులాబ్‌బీ. భర్త పోయిన ఎనభై రెండో సంవత్సరం నుంచి పాత చీరలతో బొంతలు కుట్టి బతుకుతోంది. ఎడమ కన్ను సరిగా కనిపించదు. బడి విడిస్తే చాలు, వాడకట్టు పిల్లలంతా ఆమె వాకిట్లోనే ఉంటారు. ఊరికే ఎందుకు చేరదీస్తుంది? ఇస్రాయేలుకు మొదటినుంచీ అనుమానమే.

ఆ సాయంత్రం తిన్నగా వెళ్లి నిలబడ్డాడు. పరిచిన బొంత నాలుగు మూలలా నలుగురు పిల్లలు కదలకుండా కూర్చున్నారు. గుడ్డ జరగకుండా బరువుకు! అనుకున్నంతా అయింది.

“గులాబ్‌బీ, పిల్లలను రాళ్ల లెక్క వాడుకుంటున్నవా?”

“రాళ్లయితే ఊఁ కొట్టయి గద సారూ,” అంది ఆమె తలెత్తకుండా.

“నీ షహజాదికి చేతగానిది ఏమన్న ఉన్నదా? ఆమెను నమ్మి నా బిడ్డ కాళ్లు ఇరగ్గొట్టుకుంటే ఎవలది జిమ్మ, ఎవలు జవాబు చెప్తరు?”

“అన్నీ చేసెటామెను వీళ్లు నమ్మరు సారూ. ఇగో, ఇటు చూడు.”

బొంత తిరగేసి వేలు పెట్టి చూపించింది. జానెడు దూరం కుట్టు చీమల బారులా తిన్నగా ఉంది. ఆ తరువాత మెలికలు తిరిగింది. మళ్లీ తిన్నగా సాగింది.

“గీడ షహజాది ఒక్క దెబ్బకు వెయ్యిమందిని కొట్టింది. పిల్లలు లేచి మేకపిల్ల ఎంట ఉరికిన్రు. గుడ్డ జరిగె, కుట్టు వంకర పాయె. గీడ ఒంటిగ కూసుండి ఏడ్చింది. ఒక్కడు లేవలే.”

తప్పించుకునే మాటలే అనుకున్నాడు ఇస్రాయేలు. ప్రయోగం చేసి చూడనిదే దేన్నీ ఒప్పుకోని మనిషి. “నా ముందట చెప్పు, చూస్త,” అన్నాడు.

గులాబ్‌బీ కథ అందుకుంది. షహజాది ఎడమచేత్తో ఒక గుట్ట ఎత్తింది. కుడిచేత్తో ఇంకోటి ఎత్తింది. మూడో గుట్ట దగ్గర రూతు ఆవలించి లేచిపోయింది. గుడ్డ ముడత పడింది, సూది పక్కకు పోయింది. గులాబ్‌బీ ఇస్రాయేలు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. షహజాది మబ్బుల దాకా ఎగిరి గుట్ట కొసన వాలింది. కిందికి చూసింది. ఎగురుడే తప్ప దిగుడు ఆమెకు ఎవ్వరూ నేర్పలేదు. గుట్ట కొసనే కూసున్నది. పిలుద్దామంటే కింద ఎవ్వరూ లేరు.

రూతు వచ్చి తన మూల మీద కూర్చుంది. పిల్లలు ఊఁ కొట్టడం కూడా మరిచిపోయారు.

“మరి ఎట్ల దిగింది?”

అడిగింది ఇస్రాయేలు. ఎప్పుడు కూర్చున్నాడో ఏమో, అతనే బొంత అంచు మీద చెప్పులతో సహా కూర్చుని ఉన్నాడు.

“సారూ, చెప్పులిప్పు. గిరాకీకి ఇయ్యాల్సిన బొంత,” అంది గులాబ్‌బీ. పిల్లలు పడీపడీ నవ్వారు.

మర్నాడే ఇస్రాయేలు డాబా మెట్లకు తలుపు పెట్టించి తాళం వేశాడు. అనుమానం అంత తొందరగా పోయేది కాదు. కానీ ఇప్పుడు రూతు ఎగురుతానంటే కసరడు. గులాబ్‌బీ చెప్పినట్టే ఒక ప్రశ్న అడుగుతాడు. రూతు “నువ్వు నిచ్చెన తెస్తవా బాపూ?” అంటుంది.

ఆ రోజు అతను లేచి వస్తుంటే గులాబ్‌బీ చెప్పింది ఇంతే:

“వద్దనకు సారూ. ఎక్కినంక ఎట్ల దిగుతవు బిడ్డా, అని అడుగు.”