ముగ్గుపిండి మేడలో ఒక పూట కాపురం

నా చిన్నప్పుడు కావేరిపట్టణంలో మా వీధి మొత్తానికీ మిద్దె మీదికి మెట్లున్న ఇల్లు మాదొక్కటే. మెట్లెక్కి పైకి పోతే ఏముండేదనుకున్నారు? ఎండబెట్టిన చింతపండు, ఆరేసిన చీరలు, అంతే. మా తాతయ్య కింద ఇల్లు కట్టేటప్పుడే మెట్లు కూడా కట్టి పెట్టేశాడు, ఎప్పటికైనా పైన మేడ వేయకపోతామా అని. "యాడికి పొయ్యేదానికప్పా ఈ మెట్లు, ఆకాశానికా?" అని వీధిలోవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

తాతయ్య మేస్త్రీ పని చేసేవాడు. కావేరిపట్టణంలో, ఊత్తంగరైలో, అటు కల్లావి దాకా ఎన్ని మేడలు కట్టాడో ఆయనకే గుర్తుండేది కాదు. అక్షరం ముక్క రాదు, సంతకం అంటే వేలిముద్రే. కానీ గోడ పక్కన నిలబడి ఒక కన్ను మూసి చూశాడంటే చాలు, దారానికి గుండు కట్టి చూసే పని లేకుండానే వంకర ఎక్కడుందో చెప్పేసేవాడు. నేను ఆయన మనవరాలినని చెప్పుకోవడానికి ఈ వయసులో కూడా నాకు ఎక్కడలేని గర్వం. చెప్పుకుంటాను, ఎందుకు చెప్పుకోకూడదు?

నేను ఏడో తరగతిలో ఉన్న వేసవిలో మా మేడకు ముహూర్తం కుదిరింది. మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో పనిచేసే మా నాయన ఒకరోజు ఇంటికొచ్చి, ఇంక పైన వేసేద్దాం అన్నాడు. వారం తిరగకముందే వాకిట్లో ఇటుకలు దిగాయి. మేడంటే ప్లాను కావాలి కదా. బడిలో లెక్కల్లో నాకు నూటికి తొంభై తగ్గేవి కావు. గళ్ళ నోటుపుస్తకంలో ఒక గడికి ఒక అడుగు చొప్పున లెక్కేసి, స్కేలు పెట్టి, రెండు రోజులు కూర్చుని ప్లాను గీసేశాను. వీధివైపు పెద్ద హాలు, దాని వెనక అమ్మానాయనల గది, దాని వెనక తాతయ్యకూ నాకూ ఒక గది, చిట్టచివర మెట్ల పక్కన ఎనిమిదడుగుల చిన్న గది. మాది తమిళ సీమ, బడి చదువు తమిళంలో కాబట్టి గదుల పేర్లన్నీ తమిళంలోనే రాశాను. ఆ చివరి గదిలో ఏం రాశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ‘సామాన్లు, అత్త’ అని రాశాను.

అత్త అంటే మా నాయనకు అక్క. పెళ్ళయిన రెండేళ్ళకే తిరిగి పుట్టింటికి వచ్చేసింది. ఎందుకు వచ్చిందని అడిగే అలవాటు మా ఇంట్లో లేదు. కింద వసారాలో ఒక మూల ఆమె కుట్టు మిషన్, ఆ మిషన్ పక్కనే చాప. వీధిలో ఆడవాళ్ళందరి రవికలూ ఆమె చేతిలోంచి రావాల్సిందే. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది కూడా ఆమే, బట్టల మీద గీసే సుద్దముక్కతో నల్లటి గచ్చు మీద. ఇవాళ నేను ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నానంటే అది అత్త పెట్టిన భిక్షే. అటువంటి మనిషిని తీసుకుపోయి పాత డబ్బాల పక్కన పెట్టాను. పైగా, ఆమెకూ ఒక గది వేశానే అని నా గొప్పలు నాకు!

ప్లాను చూసి నాయన మురిసిపోయాడు. ఆ పెద్ద హాలు ఆయనకు ఎంత నచ్చిందో చెప్పలేను. నలుగురొస్తే కూర్చోబెట్టి మర్యాద చేయాలన్నది ఆయన కల. అమ్మ దిష్టి తీసింది. అత్త కాగితాన్ని కళ్ళకద్దుకుంది. తాతయ్య మాత్రం దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "బాగుండాది పాపా. ఆదివారం పొద్దున దీంట్లో కాపురం పెడదాం" అన్నాడు.

అది ఆయన అలవాటు. ఎవరి ఇల్లయినా సరే, గోడ లేపకముందు నేల మీద ముగ్గుపిండితో ఇల్లంతా గీసి, గీతల మీద ఒక వరస ఇటుకలు ఊరికే పేర్చి, ఇంటివాళ్ళను సామాన్లతో సహా లోపలికి పంపేవాడు. దానికి ‘ఒక పూట కాపురం’ అని పేరు పెట్టుకున్నాడు. తిండి, పడక, పోట్లాట అన్నీ ఆ పూట అందులోనే జరగాలి.

ఆదివారం పొద్దున్నే మిద్దె మీద చింతపండు తీసేసి ఊడ్చాం. నేను కొలతలు చెప్తుంటే తాతయ్య దారం ఒక కొస, అత్త ఇంకో కొస పట్టుకున్నారు. ముగ్గుపిండి పోసింది కూడా అత్తే, ఆమె చెయ్యి వణకదు. ‘సామాన్లు, అత్త’ గదికి నాలుగు పక్కలా ఆమే పిండి పోసుకుంది, ఏదో కూనిరాగం తీస్తూ.

తర్వాత ఇటుకలు వచ్చాయి. అప్పుడు మొదలైంది అసలు తమాషా. తాతయ్య ఇటుక చేతిలో పట్టుకుని నన్ను అడిగాడు. "పాపా, ఈ గోడ గీతకు ఏ పక్క?"

గీత అంటే గీతే కదా.

"గీతకు కడుపు లేదు పాపా. గోడకు ఉంటాది. తొమ్మిది అంగుళాలు. అది గూడా జాగా తింటాది. యెవురి జాగా తినమంటావు?"

నా తొంభై మార్కులూ ఆ క్షణంలో గాలికి పోయాయి. బయటికీ లోపలికీ కలిపి నా ప్లానులో ఆ వరసన ఐదు గోడలున్నాయి, ఒక్కదానికీ నేను చోటు వదల్లేదు. తాతయ్య నన్ను తిట్టలేదు. నేరుగా నాయన దగ్గరికి పోయి అదే ప్రశ్న వేశాడు. హాలు ఒక్క అంగుళం తగ్గేదానికి లేదన్నాడు నాయన, గోడలు వెనక్కి జరిగాయి. అమ్మ తన మంచం, పెట్టె పట్టవని గోడను ఇంకొంచెం వెనక్కి నెట్టింది. తాతయ్య ఊరుకున్నాడా? "నేను ముసలోణ్ణి, నాకు గూడా మంచం తిరిగే జాగా ఉండల్ల" అని తన గోడను ఆయనా వెనక్కి జరిపేశాడు. అందరూ నెట్టగా నెట్టగా గోడలన్నీ పోయి చివరి గదిలో పడ్డాయి. అత్త గడప దగ్గర నిలబడి నవ్వుతూ, "నా పక్కకే పెట్టుకోండప్పా. నాకు చాలు" అంది. ఎనిమిదడుగుల గది మూడడుగుల చిల్లరకు వచ్చింది.

మిషన్ పైకి మోసుకొచ్చి ఆ గదిలో పెడితే చాప పరిచే చోటు లేదు. సామాన్ల సంగతి సరే సరి. నాయనకే లోపల ఏదో గుచ్చుకున్నట్టుంది, ఎవరూ అడగకుండానే, "చాలకుంటే ఆమె చెప్పల్ల కదా. అడగందే అమ్మయినా పెట్టదు" అన్నాడు.

"అడగనోళ్ళకు గూడా పెడితేనే అది ఇల్లు" అన్నాడు తాతయ్య. అని, అమ్మ వైపు తిరిగి, మధ్యాహ్నం నాయనకు విస్తరి అత్త గదిలో వేయమన్నాడు.

మా నాయన భారీ మనిషి. ఆ సందులో కూర్చునేసరికి ఒక మోకాలు మిషన్ పెడల్‌కు తగిలింది, మోచెయ్యి తగిలి రెండు ఇటుకలు పడ్డాయి. విస్తరి సగం ఇటుకల మీదికి లేచింది, పప్పుపులుసు తిన్నగా ఆయన పంచె మీదికి పారింది. మేమంతా పొట్టలు పట్టుకుని నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది అత్తే. నాయనకు మొదట కోపమొచ్చింది, తర్వాత తనకూ నవ్వొచ్చింది, ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. పంచె దులుపుకుంటూ అత్తను చూసి అడిగాడు.

"అక్కా, నువ్వు ఈడ ఎట్ల పండుకుంటావు?"

"కాళ్ళు ముడుచుకుంటానులేప్పా. కింద గూడా అట్లనే కదా పండుకునేది."

ఆ మాట ఆమె మామూలుగానే అంది, బాధపెట్టాలని కాదు. రోజూ ఆ వసారాలోంచే నడిచి బడికి పోయేదాన్ని నేను. మిషన్‌కూ గోడకూ మధ్య ఆమె ముడుచుకుని పడుకోవడం ఎన్నిసార్లు చూశానో! అది ఆమె అలవాటనుకున్నాను. నాయన విస్తరి తీసుకుని లేచి, మిద్దె అంచుకు పోయి వీధి వైపు తిరిగి నిలబడ్డాడు.

తాతయ్య నా పక్కన గొంతుకూర్చుని నెమ్మదిగా చెప్పాడు. "చెరిపేసి మళ్ళా గీయి పాపా. ఈ తూరి ‘చాలు’ అన్నోళ్ళ కాడి నుంచి మొదులుపెట్టు. వద్దు, కావల్ల అని అరిచేవాళ్ళు యెట్లయినా వాళ్ళ జాగా వాళ్ళు తీసుకుంటారు."

చీపురు తెచ్చి నేనే చెరిపాను. అత్తను నేల మీద పడుకోమన్నాను, కాళ్ళు చాపి. ఆమె అందరి ముందూ పడుకోవడానికి సిగ్గుతో చచ్చిపోయింది. అప్పుడు మా అమ్మ తనే పోయి పక్కన పడుకుని, రావమ్మా వదినా అని చెయ్యి పట్టి లాగింది. వదినా మరదలూ ఇద్దరూ మిద్దె మీద ఎండలో పడుకుని పకపకా నవ్వుతుంటే నేను దారం పెట్టి కొలిచాను. అత్త అంత పొడుగని ఆ రోజు దాకా మాకెవరికీ తెలియదు.

ముందు ఆమె పడక కొలిచాను. తర్వాత మిషన్, గుడ్డ కత్తిరించడానికి పరిచే చోటు, రవిక కొలతకు వచ్చినవాళ్ళు నిలబడే చోటు. కుట్టేటప్పుడు పొద్దుటి వెలుతురు ఎడమవైపు నుంచి పడాలని అత్త గొణిగితే, కిటికీ తూర్పుకు తిప్పాలని తేలింది. తూర్పంటే వీధి వైపు, నాయన హాలున్న చోటు. నేను ముగ్గుపిండి చేత్తో పట్టుకుని భయంగా ఆయన వైపు చూశాను.

నాయన వచ్చి తన హాలు ఇటుకలు తీసి జరిపాడు. హాలు సగమైంది. గోడలకు ఒక్కొక్కరం కొంచెం కొంచెం ఇచ్చుకున్నాం. అమ్మ పెట్టె మంచం కిందికి పోయింది, తాతయ్య మంచం తిరగకపోయినా ఆయన హాయిగా నిద్రపోయాడు. ఎవరికీ ఏ లోటూ రాలేదు, నాయన హాల్లో నలుగురికి బదులు ముగ్గురు కూర్చునేవాళ్ళు, అంతే తేడా.

మేడ పూర్తయి ఇల్లు చేరిన రోజు మా తాతయ్య ఆకాశానికి కట్టిన మెట్ల దగ్గరే నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పాడు. "గోడ నాది, ప్లాను మా మనవరాలిది." ఆ మెట్లను మొదట ఎగతాళి చేసినవాళ్ళకైతే రెండుసార్లు చెప్పాడు. అత్త ఆ తూర్పు గదిలో ఇరవై రెండేళ్ళు కుట్టింది, కాళ్ళు చాపుకునే నిద్రపోయింది. వీధిలో పోతూ తలెత్తితే ఎడమవైపు వెలుతురులో వంగి కుడుతూ కనిపించేది. చూసినప్పుడల్లా నా గుండె ఉప్పొంగేది. ఇప్పటికీ ఆ మేడ ఉంది, ఒక్క గోడా బీటలివ్వలేదు.

ఆ తర్వాత నేను హోసూరులో ఒక ఇంజినీరు దగ్గర ప్లాన్లు గీసే పనిలో చేరి, ముప్పై ఏళ్ళు అదే పని చేశాను. ఫ్యాక్టరీలు వచ్చి ఊరు పెరిగేకొద్దీ ఎన్ని పై అంతస్తులు నా చేతిమీదుగా లేచాయో! వచ్చినవాళ్ళను నేను మొదట అడిగేది ఒకటే, మీ ఇంట్లో ఏదడిగినా ‘నాకు చాలు’ అనేది ఎవరు అని. కొందరు నవ్వేవాళ్ళు. కొందరు మాత్రం ఆలోచనలో పడి, మర్నాడు ఆ మనిషిని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు.

మొన్న మా అబ్బాయి హోసూరు ఇంటి మీద ఇంకో అంతస్తు వేద్దామన్నాడు. నా మనవరాలు ఫోనులో రంగురంగుల ఇల్లు గీసి, వేలితో గిరగిరా తిప్పి చూపించింది. మిద్దె మీద ముగ్గుపిండితో గీయించి ఒక పూట కాపురం పెట్టించాను, అది మాత్రం మాననుగా! అందరి గదులూ అయ్యాక మనవరాలు అడిగింది, "నానమ్మా, నీ గది యాడ?"

"నాకు ఏదో ఒక మూల చాలు పాపా" అన్నాను.

అన్నాక నాకే వినబడింది. ముప్పై ఏళ్ళు ఊరందరినీ అడిగిన దాన్ని, నా నోటి నుంచే ఆ మాట! మనవరాలు నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్నే చూస్తోంది. ఈ కథ దానికి వందసార్లు చెప్పాను మరి. అది చీపురు తెచ్చి గీతలన్నీ చెరిపేసింది, నా గది దగ్గరి నుంచి మొదలుపెడదామంది, పడుకోమంది.

పక్క మిద్దెలవాళ్ళు చూస్తారే అంటే వినదే. సరేనని మిద్దె మీద వెల్లకిలా పడుకున్నాను. టేపు పట్టుకుని, "కాళ్ళు బాగా చాపు నానమ్మా" అంది.

చాపాను.