పాత స్టేషనులో నీళ్ళ తొండం

దయ్యం, గాలి అని ఎవరన్నా మొదలుపెడితే లేచి పోయే రకం నేను. ధర్మవరంలో ఇరవై ఏండ్లు బోరింగులు రిపేరు చేసినాను. నీళ్ళు రావాలంటే కింద నీళ్ళుండాల, పైకి పైపుండాల. ఈ రెండూ లేకుండా నీళ్ళొచ్చింది ఒక్కచోటే చూసినాను.

రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేండ్లయింటుంది. వానల్లేవు. పెనుకొండ దావలో ఒక ఊర్లో బోరింగు పని చెయ్యలేదంటే పోయినాను. పైపులన్నీ పైకి లాగి చూస్తే అడుగున తడి కూడా లేదు. ట్యాంకరు వారానికొకసారి వస్తుందంట, అదీ నమ్మకం లేదు. అయినా ఇండ్ల ముందర బిందెలు నిండుగా ఉండాయి. ఎట్లని అడిగితే మేరమ్మను చూపించినారు.

మేరమ్మ కూలికి పోయే మనిషి, యాభై ఏండ్లుంటాయి. ఆమె నాయన ఆ ఊరి పాత స్టేషనులో పొగబండ్లకు నీళ్ళు పట్టే పని చేసినాడంట. పెద్ద లైను వేసినప్పుడు దారి మార్చేసరికి ఆ స్టేషను ఊరి బయట కంపచెట్లలో మిగిలిపోయింది. కప్పు లేదు, పట్టాలు లేవు. ఇంజనుకు నీళ్ళు పోసే ఇనుప స్తంభం ఒక్కటే నిలబడి ఉండాది. దాని పైన అడ్డంగా వంగిన లావు గొట్టాన్ని ఊర్లో తొండం అంటారు.

ఆ ఎండాకాలం కట్టెలకు పోయిన మేరమ్మకు ఆ తొండంలో ఏదో సద్దు వినిపించిందంట. రాయితో కొట్టి కొట్టి స్తంభానికుండే చక్రం తిప్పితే నీళ్ళు పడినాయంట.

నేను నమ్మలేదు. మరుసటి రోజు పోయి చూసినాను. పదకొండు గంటలకు ఆడోళ్ళు బిందెలతో వరసగా నిలబడినారు. మేరమ్మ చక్రం తిప్పింది. ముందు గాలి, తర్వాత చేతి లావు ధార. పది నిమిషాలు పడి, దానంతటదే నిలిచిపోయింది. రోజూ ఈ టైముకే ఎందుకొస్తాయని అడిగితే, హిందూపురం పక్కనుంచి వచ్చే బండికి వాళ్ళ నాయన నీళ్ళు పట్టే టైము ఇదేనని చెప్పింది. ట్యాంకరు టైము చెప్పినట్టు మామూలుగా చెప్పింది.

ఎక్కడో ఊట ఉండాల. అది దొరికితే ఊర్లోకే పైపు వెయ్యొచ్చు. దొరకబట్టేదాకా కదలకూడదనుకున్నాను. తవ్వితే వచ్చేవి కూడా పోతాయని కొందరు గొడవకొచ్చినారు. మేరమ్మ వాళ్ళను పక్కకు జరగమనింది.

“తవ్వుకో అప్పా. పదకొండుకు మాత్రం మా బిందెలకు అడ్డం రావాకు,” అనింది.

ఆ సాయంత్రం దాకా స్తంభం మొదట్లో తవ్వినాను. నాలుగడుగుల లోతులో పైపు పక్కకు తిరిగింది. రెండు బారలు పోయినాక తెగిపోయి ఉండాది. ఎవరో ఎప్పుడో కోసుకుపోయినారు. నోరు తెరుచుకొని ఉండాది, చుట్టూ గడ్డపార దిగనంత గట్టి మట్టి. దానికి నీళ్ళిచ్చే ట్యాంకు లేదు. స్టేషను బావి రాళ్ళతో పూడిపోయి, అందులో తుమ్మచెట్లు మొలిచినాయి.

మూడో రోజు పదకొండుకు ముందే గుంతలోకి దిగి బోర్లా పండుకున్నాను. తెగిన పైపులోకి మోచెయ్యి దాకా చెయ్యి పెట్టి, మేరమ్మను చక్రం తిప్పమన్నాను.

పైన నీళ్ళు దబదబ పడే సద్దు. నా చేతికి తుప్పు పొడి తప్ప ఏమీ తగల్లేదు. పైపు అదరను కూడా లేదు.

“వస్తాండాయా?” అని అరిచినాను.

“వస్తాండాయి.”

నిలిచిపోయేదాకా మూడు మాట్లు అడిగినాను. మూడు మాట్లూ అదే చెప్పింది. భయం అప్పుడేసింది నాకు. చెయ్యి మాత్రం తీయలేదు.

పైకి ఎక్కినాక, “దొరికిందా అప్పా?” అనింది.

లేదన్నాను.

“అయితే పూడ్చెయ్. పిల్లోళ్ళు పడతారు.”

పూడ్చినాను.

వానలు పడి బోరింగులో నీళ్ళొచ్చినాక, పైపులు బిగించేదానికి మళ్ళా పోయినాను. మొదటి వాన పడిన మరుసటి రోజునుంచే తొండం నిలిచిపోయిందని మేరమ్మ చెప్పింది. నేనే చక్రం తిప్పి చూసినాను. గాలి కూడా రాలేదు. అయినా వదల్లేదు. ఇంకో పైపేదన్నా ఉంటుందని స్తంభం చుట్టూ నాలుగు పక్కలా తవ్వినాను. లేదు. ఆ తర్వాత స్తంభాన్నీ ఎవరో కోసుకుపోయినారు.

ఆ మూడో రోజు గుంత పూడ్చినాక మేరమ్మ ఆ రోజు పట్టిన బిందెలోంచి చెంబుతో నీళ్ళిచ్చింది. కాసేపు చెంబులోకి చూసి, తాగినాను. చల్లటి మంచినీళ్ళు. అవి యాడివో నాకు ఇప్పటికీ తెలీదు.