పూల దిక్కు చూడు

మా మేనత్త పోయిందని పోయిన వారం ఆర్మూర్ నుంచి బావ ఫోన్ చేశాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. వినగానే నేను అడిగిన మొదటి మాట, నిన్న బాగానే నడిచిందా అని. నాకు ఏడుపు ఆ తర్వాత వచ్చింది. ఇన్నేళ్లుగా అత్త గురించి నాకున్న బెంగంతా ఆమె కాళ్ల మీదే మరి.

అత్త పసుపు మార్కెట్లో కొమ్ములు ఏరే పనికి పోయేది. కుప్ప ముందు వంగి కూర్చుంటే సాయంత్రం దాకా లేచేది కాదు, నోరు మాత్రం ఊరుకునేది కాదు. తంటా అంతా ఇంటికి నడిచేటప్పుడే. నాలుగడుగులు వేసేసరికి పిక్కలు గుంజి, తిమ్మిరెక్కేవి. ఏ దుకాణం మెట్టు మీదో కూలబడి, కాసేపు వంగి కూర్చుని మళ్లీ లేచేది. ఎవరైనా జాలిగా చూస్తే, "దారి ఏడికి పోదు, మనమే పోవాలె" అని నవ్వేది.

బతుకమ్మ పండక్కి ఇంకా విచిత్రం. వంగి చప్పట్లు కొడుతూ అందరితో సమానంగా ఆడేది. ఆట అయ్యాక బతుకమ్మను నెత్తిన పెట్టుకుని చెరువుకు పోదామంటే మాత్రం కాళ్లు వచ్చేవి కావు. తన బతుకమ్మను పక్కవాళ్ల చేతికిచ్చి దారిలోనే కూర్చుండిపోయేది. ఆటకు లేని నొప్పి నడకకే వచ్చిందా అని వాడకట్టు ఆడవాళ్లు మూతులు తిప్పారు. మా ఇంట్లోవాళ్లేమో వంగి వంగి నడుం పాడైందని తేల్చారు. పని మాన్పించి, బెల్టు బిగించి, నిటారుగా నిలబడమని పోరుపెట్టారు. నొప్పి ఇంకా ఎక్కువైంది.

ఒకరోజు ఎడమ కాలి చెప్పు జారిపోయినా ఆమెకు తెలియలేదు. భయమేసి నిజామాబాద్ తీసుకుపోయాం. డాక్టరు స్కానింగ్ చూసి, వెన్నులో నరాలు పోయే దారి ఇరుకైందన్నాడు. నిలబడితే అది ఇంకా ఇరుకవుతుంది, వంగితే కాస్త తెరుచుకుంటుంది. ఆటలో నొప్పి లేకపోవడం అందుకేనట. చాలామందికి మందులు, వ్యాయామాలతో సరిపోతుంది, కొందరికి వెన్నులో ఇంజెక్షన్ కొన్నాళ్లు ఊరటనిస్తుంది. పాదం పట్టు తప్పుతోంది కాబట్టి అత్తకు ఆపరేషన్ చేసి ఆ ఇరుకు తీయాలన్నాడు. మూత్రం మీద అదుపు పోతే మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దని హెచ్చరించాడు.

వెన్నుకు కత్తి తగిలితే ఇక మంచమే అని మా దగ్గర గట్టి నమ్మకం. నేనూ భయపడ్డాను. అత్తే తేల్చేసింది.

"కూసుండి బతుకుడు మస్తయింది బిడ్డా. చెరువు దాంక నడిస్తే చాలు నాకు."

ఆపరేషన్ రోజు, ఆమె ఎడమ బొటనవేలు కదిపిందని నర్సు వచ్చి చెప్పేదాకా నేను ఆ తలుపు దగ్గర నుంచి కదల్లేదు.

నొప్పి మొత్తం పోలేదు, పాదంలో కొంచెం తిమ్మిరి మిగిలింది. అయినా తర్వాతి పండక్కి తన బతుకమ్మను తనే నెత్తిన ఎత్తుకుని చెరువుకు బయలుదేరింది. ఎక్కడ తూలుతుందోనని ఆమె మడమల మీదే చూపు పెట్టి వెనకాలే నడిచాను. వెనక్కి తిరగకుండానే కనిపెట్టింది.

"నా కాళ్ల దిక్కేం జూస్తవే? పూల దిక్కు జూడు."

చూడలేకపోయాను. ఆ తర్వాతి పండగలకూ అంతే.

పోయిన వారం ఆమెను పాడె మీద పడుకోబెట్టినప్పుడు పాదాల దగ్గరే నిలబడ్డాను. అలవాటు కొద్దీ ఎడమ బొటనవేలినే చూస్తున్నాను, కదులుతుందేమోనని. పాడె ఎత్తారు. బంతిపూలు రెండు మూడు జారి నా ముందు పడ్డాయి. అప్పుడు పూల దిక్కు చూశాను.